మోకు బాకీ

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో వాజ్‌పేయి ప్రారంభించారు. ఈ కథ అంతకు మూడు నాలుగు తరాల ముందుది. అప్పట్లో రాయదుర్గం, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి అంటే రాళ్లగుట్టలు, సీతాఫలం పొదలు, మేకలు నడిచే బాటలు. దుర్గం చెరువు నీళ్లు గోల్కొండ కోటలో సుల్తానులు తాగారని చెప్పుకోవడమే గాని, గుట్ట పక్క ఊళ్లకు వేసవి వస్తే బిందె ముంచే చోటుండేది కాదు. మనిషి లోతు తవ్వితే చాలు, బండ తగిలేది.

ఆ ఊళ్లలో బావులు తవ్వేవాడొకడు ఉండేవాడు. గడ్డపార, సమ్మెట, నాలుగు ఉలులు, అంతే అతని ఆస్తి. మోకు మాత్రం అతనిది కాదు. పెళ్లప్పుడు మామ తన ఎడ్లజతను షావుకారు దగ్గర కుదువబెట్టి కొనిచ్చిన మోకు అది. దాని మీద మిత్తి నడుస్తూనే ఉంది.

అతను బావిలోకి దిగితే పైన గిరక దగ్గర మోకు పట్టుకునేది భార్య. గంప నింపి అతను రెండుసార్లు గుంజితే ఆమె లాగేది. మోకు అదిరే తీరును బట్టి లోపల మనిషి ఒంట్లో సత్తువ ఉందో అయిపోయిందో ఆమెకు తెలిసేది. పైకొచ్చిన గంపను కుమ్మరించే ముందు పిడికెడు మట్టి అరచేతిలో వేసుకుని నలిపేది. వాసన చూసేది. ఒక్కోసారి నాలుక మీద కూడా వేసుకునేది. "తూరుపు మట్టి సల్లగున్నది, అటు కొట్టు" అని లోపలికి కేకేసేది. అతను అటు కొట్టేవాడు.

చూసేవాళ్ల కంటికి ఇదంతా ఆనలేదు. బండలో ఎవరూ తీయలేని నీళ్లు అతను తీశాడన్నదొక్కటే కనిపించింది. పేరు పాకింది. ఒకనాడు మంజీర అవతలి నుంచి బండి కట్టుకుని పెద్దమనుషులు వచ్చారు. అక్కడ పసిపిల్లలు దూపకు తాళలేక పోతున్నారని చెప్పారు.

"మూడు బావులు తవ్వి వస్తనే. మూడంటే మూడే" అన్నాడు భార్యతో.

వాళ్ల సొంత వాకిట్లో అప్పటికి నడుం లోతు గుంత ఒకటి తవ్వి ఉంది. ఆమె దాని వంక చూసింది. అతనూ చూశాడు. "వచ్చినంక దీని పని పడదాం" అన్నాడు.

"మోకు తీస్కపో. ఆ ఊర్ల మోకు ఎట్లుంటదో ఏమో" అంది ఆమె.

మూడు బావులు ఏడయ్యాయి. ఏడు ఇరవై అయ్యాయి. ఏడాదికోసారి ఏ బండివాడి చేతనో కబురు వచ్చేది, ఈ ఒక్క బావి కాగానే వస్తానని. అతను అబద్ధాలకోరు కాడు. తాగుబోతు కాడు. ఇంకో ఆడదాని కొంగు పట్టుకున్నవాడూ కాడు. బావి గట్టు మీదే తిని, బావి గట్టు మీదే పడుకునేవాడు. ప్రతి బావి వెనుకా ఒక ఊరు నాలుక పిడచగట్టి నిలబడి ఉండేది. ఎవరిని కాదని రాగలడు?

ఇక్కడ ఆమె కూలికి పోయి, ప్రతి పంటకూ షావుకారుకు మిత్తి కట్టింది. ఎడ్లు తిరిగి రాలేదు. తండ్రి ఆ బెంగతోనే పోయాడు. నీళ్లకు ఊరబావికి పోయి వరసలో నిలబడేది. ఆ బావి తన మొగుడు తవ్విందే. ఆ బావి మట్టి రుచి ఆమె నాలుకకు ఇంకా గుర్తుంది. అయినా వరస వరసే గదా.

పాతికేళ్లకు కబురొచ్చింది. ఒక రాత్రి బావి గట్టు మీద పడుకున్నవాడు తెల్లారి లేవలేదట. అవతలి ఊళ్లవాళ్లు ఘనంగా సాగనంపారు. పేరు చెక్కించిన రాయి ఒకటి బండిలో వేసుకుని, అతని సొంత ఊళ్లో కూడా నిలబెడదామని మోసుకొచ్చారు. చింతచెట్టు కింద అందరూ కూడారు. ఆమె కూడా వచ్చింది, చేతిలో షావుకారు కాగితంతో.

కాగితం చూసి ఊరిపెద్ద కొంచెం నొచ్చుకున్నాడు. "ఇయ్యాల గిదేందమ్మా? నీ మొగడు ఇన్ని ఊర్ల దూప తీర్చిండు. ఆ పున్నెమంతా నీదే. ఇంక బాకీ ఏడిది? చెల్లుకు చెల్లు."

బాగుందన్నట్టు అందరూ తలలూపారు. పట్వారీ ముసలివాడు, పుస్తకం తెరిచి, కలం ముంచి, ఆగిపోయాడు.

"నేను రాయలేను" అన్నాడు.

"ఎందుకు రాయవు?"

"చెల్లుకు చెల్లు రాయాల్నంటే ఒకనికొకడు బాకీ ఉండాలె. ఈడ మోకు ఇచ్చింది ఈమె తండ్రి. మిత్తి కట్టింది ఈమె. నీళ్లు తాగింది మీరు. తాగినోడే లేచి బాకీ లేదంటే పుస్తకంల ఏ పక్కకు రాయాలె?"

చెట్టు కింద సద్దు లేదు. చివరికి అవతలి ఊరి పెద్ద ఒకాయన ఆమెనే అడిగాడు: "నువ్వే చెప్పు బిడ్డా, ఏం గావాలె?"

"మా వాకిట్ల గుంత సగం తవ్వి ఉన్నది. అది తవ్వుండ్రి."

మర్నాడు కొందరు గడ్డపారలు పట్టుకుని వచ్చారు. కొందరికి సరిగ్గా ఆ రోజే వేరే పని పడింది. వచ్చినవాళ్లు పొద్దుటి నుంచి కొడుతుంటే బండ తప్ప ఏమీ లేదు. ఆమె గట్టు మీద కూర్చుని గంపలో మట్టి తీసుకుని నలిపింది. "ఉత్తరం దిక్కు జరుగుండ్రి" అంది. జరిగారు. మూడో రోజు మధ్యాహ్నం బండ సందులోంచి నీళ్లు చిమ్మాయి.

ఊరిపెద్ద నోరు వెళ్లబెట్టాడు. "నీ మొగని దగ్గర నేర్సినవా అమ్మా?"

"మొగడే నన్ను అడుగుతుండె" అంది ఆమె.

నీతి: బావి తవ్వినవాడికి పుణ్యం రాయండి, మోకు ఇచ్చినవాళ్లకు బాకీ రాయండి. ఆ పుణ్యాన్ని చూపించి ఈ బాకీని కొట్టేయకండి.

కథ కాబట్టి మంజీర అవతలి ఊళ్లన్నాను గాని, నా మనసులో ఉన్నది అట్లాంటిక్ అవతలి ఊరు, బోస్టన్. ఆ బావులు తవ్వినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. మోకు దగ్గర మిగిలిపోయినామె పేరు శేషగిరి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మఠం వైపు నడిస్తే, వాళ్లు వైద్యం చదువుకొమ్మని దారి మళ్లించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కోవడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కంటగింపయింది. దాని ఫలితంగా ఎంబీబీఎస్ రావలసిన చోట ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ప్రభుత్వ కొలువుకు అది పనికిరాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు. ఈ మధ్యలోనే, 1919లో, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కూతురు శేషగిరితో పెళ్లయింది.

సోదరులను స్ప్రూ వ్యాధి తీసుకుపోయింది. తిన్నది ఒంటబట్టక, రక్తం ఇంకిపోయి మనిషి ఎండిపోయే జబ్బు అది. దానికి మందు కనిపెట్టాలన్న పట్టు ఆయనకు అక్కడ పుట్టింది. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకు వెళ్లాలంటే ఓడ ఖర్చుకే డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత ఇచ్చింది. మిగతా భారం మామగారు ఎత్తుకున్నారు. ఆ విధంగా 1920ల తొలినాళ్లలో ఆయన బోస్టన్‌లో దిగారు. మద్రాసు పట్టాకు అక్కడ చెల్లుబాటు లేదు గనుక, పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట నౌకరీ చేస్తూ, రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ చదువుకున్నారు.

తర్వాతి సంగతులు తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునేవే. సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని జీవరసాయన విద్యార్థులు నేటికీ ప్రయోగశాలలో చేస్తారు. ఆ కొలతబద్ద చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. కండరం కదలడానికి కావలసిన శక్తి ఎక్కడ నిల్వ ఉంటుందన్న ప్రశ్నకు జవాబు ఆ రెండు పదార్థాల్లో ఉంది. ఇంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి మారారు. అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన బృందం తవ్వినన్ని బావులు మరొకరు తవ్వలేదేమో. ఫోలిక్ ఆసిడ్‌ను కాలేయం నుంచి వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేశారు. స్ప్రూకు మందు అదే. సోదరుల రుణం ఆయన తీర్చుకున్నట్టే. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. ఫోలిక్ ఆసిడ్‌కు ఎదురు పనిచేసే పదార్థాలను అక్కడే చేసి సిడ్నీ ఫార్బర్‌కు పంపితే, ఆయన బోస్టన్‌లో ల్యుకీమియా పిల్లలకు వాడి చూశాడు. 1948లో ప్రకటించిన ఆ ఫలితాలే కేన్సర్‌కు మందులతో వైద్యం చేయవచ్చన్న నమ్మకానికి పునాది. మెథోట్రెక్సేట్ ఆ కుదురులోదే. మొదటి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది కూడా సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలోనే.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే పోయారు. 53 ఏళ్లు. అప్పటికి పెళ్లయి 29 ఏళ్లు. ఓడెక్కిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఇండియాకు రాలేదు. శేషగిరి గారు అమెరికా వెళ్లలేదు.

ఆవిడ గురించి మాట్లాడేటప్పుడు మనం వెంటనే గొంతు మెత్తబరుస్తాం. మహాత్యాగి అంటాం, ఆ ఇల్లాలి ఓర్పే ఆయన విజయానికి మూలం అంటాం. నాకు ఆ గొంతు మీద అనుమానం. కథలో ఊరిపెద్ద గొంతు కూడా మెత్తగానే ఉంది. దండ వేసిన చేత్తోనే కాగితం చించేయడానికి అంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. మామగారి డబ్బుకు, ధర్మసంస్థ సాయానికి సుబ్బారావు జీవితచరిత్రలో చోటుంది. పాతికేళ్ల ఎదురుచూపుకు మటుకు పద్దు లేదు. దాన్ని గుణం కింద జమకట్టేశాం. గుణమనేసరికి ఇక ఎవరూ తీర్చనక్కర్లేదు కదా.

ఇక్కడ సుబ్బారావును బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. పరాయి పాలనలో ఉన్న దేశంలో ఆ పట్టాతో పరిశోధన చేయగల చోటు ఆయనకు లేదు. అక్కడేమో ఏటా ఒక పని సగంలో ఉండేది. 1939 తర్వాత సముద్రాల మీద యుద్ధం. కారణాలన్నీ నిజమే, పెద్దవే. కారణం ఉంటే బాకీ ఆలస్యమైనందుకు తప్పు పట్టలేం, అంతవరకే. బాకీ తీరిందనడానికి కారణం చాలదు. విచిత్రమేమిటంటే, చేసిన పని లెక్కలోకి రాకపోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. హార్వర్డ్‌లో ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్క్ బయటికి రానివ్వలేదని, ఆ పనిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చిందని 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ప్రయోగశాలలో ఆయనది కూడా కొంతకాలం గట్టు మీద నిలబడ్డ బతుకే.

మరి బాకీదారు ఎవరు? పట్వారీ చెప్పనే చెప్పాడు, తాగినవాళ్లు. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర హెట్రజానే. గర్భిణికి మొదటి నెలల్లో డాక్టరు తప్పకుండా రాసేది ఫోలిక్ ఆసిడ్. గచ్చిబౌలిలో ఏ పెద్దాస్పత్రి మందుల కౌంటరు దగ్గర నిలబడినా, కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ చీటీ ఒకటైనా వస్తుంది. ఐటీ కారిడార్‌లో పగలు రాత్రి తేడా లేకుండా పనిచేసే మనుషుల ఇళ్లలో ఈ మూడింటిలో ఒక్కటైనా లేని ఇల్లు అరుదు. ఆయన శతజయంతి ఏడాది 1995లో తపాలా శాఖ బిళ్ల వేసింది. ఆయన పేరు ఒక శిలీంధ్రానికి కూడా ఉంది, సుబ్బారోమైసిస్. ఆయన వంతు కొంతైనా ముట్టింది. శేషగిరి గారి పేరు మీద ఒక గర్భిణుల వార్డు గాని, ఒక అమ్మాయి చదువుకు స్కాలర్‌షిప్పు గాని ఎందుకు ఉండకూడదు? మందుల కంపెనీలకు హైదరాబాద్ పెట్టింది పేరు కదా, ఆ పని ఇక్కడివాళ్లు కాక ఎవరు చేయాలి?

తాగినవాళ్లు తీర్చిన సందర్భం లేకపోలేదు. శ్రీనివాస రామానుజన్ 1920లో 32 ఏళ్లకే పోతే, భార్య జానకి ఆ తర్వాత ఏడు దశాబ్దాలకు పైగా బతికారు, అందులో చాలా ఏళ్లు మద్రాసు ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టుకుంటూ. తన భర్తకు విగ్రహం పెడతామన్నారు, ఏదీ అని వృద్ధాప్యంలో ఆమె ఒక పత్రికతో అన్న మాట రిచర్డ్ ఆస్కీ అనే అమెరికన్ గణితవేత్త చెవిన పడింది. దేశదేశాల గణితవేత్తలు చందాలు వేసుకుని, పాల్ గ్రాన్‌లుండ్ అనే శిల్పి చేత రామానుజన్ కంచుప్రతిమ పోయించి ఆమెకు అందజేశారు. ఆలస్యమైంది నిజమే. అయినా ఆమె అడిగిందే ఇచ్చారు. తమకు తోచిన శాలువా కప్పి రాలేదు.

మట్టి నలిపి దిక్కు చెప్పిన భాగం మాత్రం శేషగిరి గారి కథ కాదు. అది వేరే ఆడవాళ్లది. వాళ్ల పనిని సేవ కింద కడితే అది అచ్చంగా దొంగలెక్క, ఎందుకంటే అది శాస్త్రమే. ఆధునిక రసాయనశాస్త్రానికి తండ్రి అనిపించుకున్న లవోజియే ఇంగ్లీషు చదవలేడు. ప్రత్యర్థుల వాదాన్ని ఫ్రెంచిలోకి తెచ్చి, దాని తప్పులు ఎత్తిచూపుతూ వివరణలు రాసింది భార్య మరీ ఆన్. 1789లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథంలోని 13 పరికరాల బొమ్మలూ ఆవిడ గీసి, చెక్కినవే. ఆవిడ ఆ ఫలకాల అడుగున సంతకం పెట్టుకుంది. తెలివైన మనిషి. సంతకం లేకపోతే ఈపాటికి అవి ఎవరో పేరులేని పనివాడి బొమ్మలయ్యేవి.

మన కారిడార్‌లోనే ఒక రోడ్డుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గోడ వెంట పోయే ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు. ఆఫీసు క్యాబుల్లో రోజూ ఆ దారిన పోయే డేటా సైంటిస్టుల్లో ఎంతమంది తాము చదివిన క్రామెర్-రావు సూత్రంలోని రావు ఈ రావేనని గుర్తుచేసుకుంటారో గాని, ఆ సూత్రం 1945లో పాతికేళ్ల కల్యంపూడి రాధాకృష్ణారావు కలకత్తాలో రాసిన వ్యాసంలోది. 2023లో, 102 ఏళ్ల వయసులో, గణాంకశాస్త్రానికి నోబెల్ అంతటిదని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి అందుకుని ఆ ఏడాదే కన్నుమూశారు. ఆయన పేరుతోనే యూనివర్సిటీ ఆవరణలో ఒక పరిశోధన సంస్థ ఉంది. 1948లో పెళ్లాడిన భార్గవి గారు కలకత్తాలోనూ, తర్వాత అమెరికాలోనూ ఆయన వెంటే ఉన్నారు. మోకు పట్టినవాళ్లను లెక్కలో చేర్చే అలవాటు రావు గారికి ఉండేదనడానికి ఒక సాక్ష్యం ఉంది. 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకాన్ని ఆయన తల్లి లక్ష్మీకాంతమ్మకు అంకితమిచ్చారు. ఊరికే మాతృమూర్తి పాదాలకు అని సరిపెట్టలేదు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించి పెట్టిందని, గంట కొట్టినంత కచ్చితంగా రాశారు. అంకెలతో బతికిన మనిషి కదా, ఆవిడ ఇచ్చిందేమిటో వేళతో సహా పద్దు వేశారు.

అదే రోడ్డు మీంచి ఇంకొంచెం ముందుకు పోతే నానక్‌రాంగూడ. 2023 మార్చి నుంచి అమెరికా కాన్సులేట్ అక్కడికి మారింది. ఒకప్పుడు బండలున్న నేలే. పొద్దున్నే ఫైళ్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లలో కొత్త పెళ్లికూతుళ్లు కనిపిస్తారు. హెచ్-4 వీసా ఇంటర్వ్యూకు పెళ్లిఫొటోలు కూడా తెచ్చుకుంటారు. వాళ్లలో చాలామంది నిన్నటిదాకా ఇదే కారిడార్‌లో టెస్టింగ్‌లోనో, డెవలప్‌మెంట్‌లోనో జీతం తీసుకున్నవాళ్లు. అక్కడ దిగాక హెచ్-4 మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మొగుడి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్యకు పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే నెలలో వచ్చింది గాని, ఆ దశ దాకా రావడానికే కొందరికి ఏళ్లు పడుతుంది. ఈలోపు అతను పగలు ఆఫీసు, రాత్రి ఇండియా టీముతో కాల్స్. ప్రమోషన్ వస్తే లింక్డిన్‌లో పోస్టు, కింద "థాంక్స్ టు మై వైఫ్ ఫర్ హర్ సపోర్ట్" అని ఒక వాక్యం, ఆ పక్కన ఒక ఎర్ర గుండె బొమ్మ.

శేషగిరి గారికి లేని వీలు వీళ్లకుంది. భర్త వెంట వెళ్లవచ్చు, వీడియో కాల్ చేయవచ్చు, కావాలంటే తిరిగి రావచ్చు. అందుకే వీళ్ల బాకీ కంటికి ఆనదు. ఎనిమిదేళ్ల తర్వాత వెనక్కొచ్చి కొండాపూర్‌లో ఇంటర్వ్యూకు కూర్చుంటే, రెజ్యూమెలో ఆ ఎనిమిదేళ్ల ఖాళీ ఏమిటని అడుగుతాడు కుర్ర మేనేజరు. ఆ ఖాళీలో రెండు ప్రసవాలు, మూడు ఊళ్ల మార్పు, ఒక మనిషి కెరీరు ఉన్నాయి. అవి ఏ కాలమ్‌లో రాయాలో ఆమెకు తోచదు.

అయితే ఈ మధ్య కొన్ని ఇళ్లలో వేరే రకం మాటలు వినపడుతున్నాయి. వెళ్లేముందే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ముందు అతని ప్రాజెక్టు, తర్వాత ఆమె మాస్టర్స్, దానికి ఫీజు ఏ ఖాతాలోంచి అని. కోకాపేట ఫ్లాటు ఇద్దరి పేర్ల మీద రిజిస్టరు చేయించుకుంటున్నారు. మూడేళ్లలో వచ్చేద్దాం అని అతను అంటే, మూడేళ్లంటే ఏ సంవత్సరం ఏ నెల అని అడిగే అమ్మాయిలు తయారయ్యారు. పెళ్లయి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే లెక్కలా అని అత్తగారు మూతి ముడిస్తే ముడవనీయండి. అతను నెల చెప్పాడా లేదా అన్నదే చూడాలి.